మెసయీద్ పుట్టిల్లు

చిన్నప్ప అబద్ధాలాడే మనిషి కాదు. ఆ మాట ఆయన భార్య గంగులమ్మ కూడా ఒప్పుకుంటుంది, కాకపోతే నవ్వుతూ ఒప్పుకుంటుంది. ఉన్న నిజానికే కాస్త పొడుగు చొక్కా తొడిగి, నెత్తిన తలపాగా చుట్టి నలుగురిలోకి పంపిస్తాడు, అంతే. అలా పంపిన నిజాలు కొన్ని ఊరంతా తిరిగి మళ్ళీ ఆయన చెవినే పడితే, "అట్లనా, ఎంత వింత" అని ఆయనే నోరు వెళ్ళబెట్టిన సందర్భాలున్నాయి.

వాళ్ళది రాయచోటి దగ్గర ఒక మెట్టపల్లె. తొంభైల మొదట్లో మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ ఖతార్ వచ్చి, దోహా పక్కన ముఐథర్‌లో ఒకే ఇంట్లో పనికి కుదిరారు. ఆయన డ్రైవరు, ఆమె వంటమనిషి. ఆలుమగలు ఒకే ప్రహరీ లోపల ఉండి పని చేసుకోవడం మనవాళ్ళకు అక్కడ ఎంత అరుదో, ఆ దేశంలో ఉన్నవాళ్ళకే తెలుసు. మిగిలిన మగవాళ్ళంతా క్యాంపుల్లో, ఆడవాళ్ళంతా ఎవరు పనిచేసే ఇళ్ళల్లో వాళ్ళు. అందుకే చిన్నప్ప రొమ్ము కాస్త ముందుకు పెట్టి నడిచేవాడు. "ఈ దేశంలో సంసారం చేస్తాండే రాయచోటోన్ని నేనొక్కన్నే" అనేవాడు. ఇంకో జంట కూడా ఉందని ఎవరైనా గుర్తు చేస్తే, "వాళ్ళది మదనపల్లె తట్టులే" అని కొట్టిపారేసేవాడు.

ఆ ఇంటి యజమాని తల్లిని వీళ్ళు పెద్దమామా అనేవాళ్ళు. అక్కడి ఇళ్ళల్లో పనివాళ్ళు యజమానురాలిని మామా అంటారు. ఈమె ఆ మామాకే అత్తగారు గనక పెద్దమామా. ముఖానికి పాతకాలపు బతూలా కట్టుకునేది. కళ్ళు మాత్రం కనబడేలా ముక్కు మీదుగా కట్టుకునే మెరుపు నలుపు గుడ్డ అది. వాళ్ళ నాయన ముత్యాల వర్తకం మీద బొంబాయిలో కాపురమున్నప్పుడు చిన్నతనంలో నేర్చిన హిందీ ఆమె నాలుక మీద ఇంకా మిగిలుంది. ఆమె హిందీ, చిన్నప్ప హిందీ రెండూ హిందీవాళ్ళకు అర్థమయ్యేవి కావు గానీ, ఒకరిది ఒకరికి చక్కగా అర్థమయ్యేది. అరబ్బీలో చకారమూ పకారమూ లేవు గనక ఆమె నోట చిన్నప్ప శినబ్బ అయ్యాడు.

రోజూ సాయంత్రం ఆమెను సముద్రపు గాలికి తీసుకుపోవడం ఆయన డ్యూటీ. కారులో సర్దుకుని కూర్చోగానే "చెప్పు శినబ్బా" అనేది. ఆయన మొదలుపెట్టేవాడు. వాళ్ళ ఊరి ఎండకు శనక్కాయలు భూమిలోనే వేగిపోతే, పెరికి ఉప్పు చల్లుకుని తినడమే తరువాయి అనేవాడు. వాళ్ళ యేటికి ఏళ్ళ తర్వాత నీళ్ళొచ్చేసరికి చేపలు ఈత మరిచిపోయి, గట్టెక్కి కూర్చుని ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయనేవాడు. వాళ్ళ తాత బండి మీద నిద్రపోతే ఎద్దులే సంతకు పోయి, బేరమాడి, ధర గిట్టక వెనక్కి తిరిగొచ్చాయనేవాడు. పెద్దమామా నవ్వుతుంటే బతూలా ఊగేది. నమ్మేదా అంటే ఆ గుడ్డ చాటున ఏముందో ఎవరు చూశారు.

ఇలా ఉండగా ఒకనాడు ఆమె అడిగింది. "ఏడాదికి రెండుసార్లు కారు అడిగి, పెళ్ళాన్ని ఎక్కించుకుని పోతావే, ఎక్కడికి?"

"మా అత్తగారింటికి మామా. మెసయీద్‌లో ఉంది" అన్నాడు చిన్నప్ప. అక్కడితో ఆగితే ఈ కథే లేదు.

ఆగలేదు. ఆ ఇంటి ప్రహరీగోడ చుట్టి రావాలంటే చెప్పులు అరుగుతాయన్నాడు. గేటు దగ్గర పగలూ రేయీ కావలి ఉంటుందన్నాడు. ఇంటికి సొంత బస్సులున్నాయన్నాడు. వంటకు మనుషులే ఒక జట్టు ఉన్నారనీ, అన్నం గంగాళంలో గరిటె తిప్పాలంటే బల్ల ఎక్కి నిలబడాలనీ చెప్పాడు. చీకటి పడితే దీపం పనిలేదనీ, పెరటి వెనక ఆకాశమంత ఎత్తున మంట వెలుగుతుంటుందనీ చెప్పాడు. ఎనిమిది మంది బామ్మర్దులు, ఎనిమిది మందీ బావా బావా అని చుట్టూ తిరుగుతారన్నాడు.

ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. అది ఒక కంపెనీ క్యాంపు. వందలమంది ఉండే క్యాంపుకు గోడా గేటూ బస్సులూ వంటశాలా ఉండవా మరి. వెనక కనబడే మంట చమురు కంపెనీ గొట్టాల కొసన వెలిగేది. గంగులమ్మ తమ్ముడు గిరి ఆ క్యాంపులో ఒక గదిలో ఉంటాడు, గదిలో ఎనిమిది మందీ మన తట్టువాళ్ళే, అందరికీ చిన్నప్ప బావే. కానీ పుట్టుకతో వచ్చిన అలవాటు ఊరుకోనివ్వదు గదా. ఆ సాయంత్రం పెద్దమామా మరీ శ్రద్ధగా వింటున్నదని, ఒక మామిడితోటా, ఒక మేకలమందా, తియ్యటి నీళ్ళ బావీ ఆయన సొంతంగా కలిపాడు.

ఇక ఆ ప్రయాణాల సంగతి. ఎండాకాలం యజమానులు చల్లని దేశాలకు పోయినప్పుడు ఒకటి, రంజాన్ పండగకు ఒకటి. ఆ యేళ్ళలో పండగ చలికాలంలోనే పడేది. ఎండాకాలమైతే పొద్దు పొడవక ముందే, గంగులమ్మ తడిగుడ్డ నెత్తిన కప్పుకుని బయలుదేరేవాళ్ళు. చలికాలమైతే తీరిగ్గా, అద్దాలు దించుకుని. ముందురోజే ఆమె శనక్కాయల ఊరిబిండి నూరి, కోడిపులుసు వండి, రాగిముద్దలు గుడ్డలో చుట్టి పెట్టుకునేది. దోహా దాటి, వక్రా అనే ఊరు దాటితే, ఎడమ పక్కన సముద్రం కనబడుతూ దాక్కుంటూ మెసయీద్ దాకా తోడొచ్చేది.

అంత దూరం పోయాక ఏం జరిగేదంటే, బండి గేటు దగ్గరే ఆగేది. ఆడవాళ్ళకు లోపలికి పర్మిషన్ లేదు. గేటు కింద నేలలో ఒక ఇనుప కమ్మీ ఉండేది, దాని మీదే గేటు చక్రాలు దొర్లుతాయి. ఆ కమ్మీకి ఇవతల బండి నీడలో గంగులమ్మ చాప పరిచేది. గిరీ వాళ్ళూ బయటికొచ్చి చాప చుట్టూ కూర్చుని, ఊరిబిండి నాకి కళ్ళు తుడుచుకునేవాళ్ళు, కారానికేలే. పొద్దు వాలితే చాప దులిపి మడిచేది. మళ్ళీ ముఐథర్.

తిరుగు ప్రయాణంలో వక్రా వచ్చేదాకా ఆమె మాట్లాడేది కాదు. చిన్నప్పకు కారణం తెలుసు. ఆడబిడ్డ పుట్టింటికొస్తే ఒడి నింపి పంపాలి. తమ్ముడి ఇంట్లో, తమ్ముడి పెళ్ళాం చేత్తో, చీరకొంగులో బియ్యం పోయించుకుని, పసుపుకొమ్మూ ఎండుకొబ్బరీ బెల్లమూ పెట్టించుకుని రావాలి. అమ్మా నాయనా పోయాక గంగులమ్మకు తమ్ముడుండే చోటే పుట్టిల్లు. ఆ పుట్టింటికి అన్నిసార్లు పోయి, అన్నిసార్లూ ఉత్తి ఒడితో తిరిగొస్తోంది. గడప దాటనే లేదు, దాటినా పోసే చెయ్యి అక్కడ లేదు.

తొంభై ఏడులో ఆ చెయ్యి వచ్చింది. గిరి భార్య శివకుమారి ఆ ఎండాకాలంలో దోహా శివార్లలోని అల్ ఘర్రాఫాలో ఒక విల్లాకు పనికొచ్చింది. మొగుడు మెసయీద్‌లో, పెళ్ళాం ఘర్రాఫాలో. మధ్యన కారుకు గంట దూరం కూడా లేదు. అయినా విమానం దిగిన రోజు తర్వాత ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఇంటావిడ గేటు దాటనివ్వదు.

పండగ ఇంకా రాకముందే గంగులమ్మ చపాతీపిండి పిసుకుతూ అంది. "ఏమయ్యా, ఈ పండక్కు నా ఒడి నిండాల. గిరి ఇంట్లో, శివకుమారి చేత్తో. ఇంతకుముందెప్పుడన్నా నిన్ను ఏమన్నా అడిగినానా?"

"అడగలా."

"అడుగుతాండా ఇప్పుడు."

"అయితే అయిపాయనుకో" అన్నాడు చిన్నప్ప.

అయిపోలేదు. ఘర్రాఫా విల్లాకు పోయి సలాములు పెట్టి, ఒక్క పూటకు ఆ అమ్మాయిని పంపమని బతిమాలాడు. ఆ ఇంటావిడ తలుపు సందులోంచి "మాఫీ" అంది. మాఫీ అంటే లేదు. ఎట్లా అడిగినా మాఫీయే. తలుపు పడ్డాక చిన్నప్ప దానితో కూడా కాసేపు మాట్లాడాడు, అది కూడా పలకలేదు.

ఆ సాయంత్రం కారులో పెద్దమామా "చెప్పు శినబ్బా" అంటే ఆయన దగ్గర కథ లేదు. ఉన్న సంగతే చెప్పాడు. తన పెళ్ళానికి పుట్టింట్లో ఒడి నింపాలనీ, నింపాల్సిన పిల్ల ఘర్రాఫాలో ఉండిపోయిందనీ చెప్పాడు.

"మా అన్నలు ముత్యాల వేటకు పోయి వచ్చినప్పుడు, నేను పుట్టింటికి పోతే వట్టిచేతుల్తో పంపేవాళ్ళు కాదు" అంది పెద్దమామా. "ఆ పిల్లను నేను అడుగుతాను. నేనే వచ్చి అడుగుతాను. అటునుంచి అటే మీతో మెసయీద్ వస్తాను. నాకూ ఆ ఇల్లు చూడాలనుంది. ఎన్నాళ్ళనుంచో చెబుతున్నావు."

చిన్నప్పకు బండి స్టీరింగు చేతిలో ఉందో లేదో ఒక్క క్షణం తెలియలేదు.

పండగ రెండోరోజు పొద్దున ల్యాండ్‌క్రూజర్ బయలుదేరింది. ముందు సీట్లో పెద్దమామా, వెనక గంగులమ్మ. ఆమె పక్కన ఖర్జూరాల డబ్బాలూ, బిస్కెట్ డబ్బాలూ, ఒక బుట్టెడు నారింజలూ. ఎనిమిది మంది బామ్మర్దులున్న ఇల్లు గదా, ఏం సరిపోతాయని ఆ ముసలమ్మ ఇంకో బస్తా ఏదో కూడా ఎక్కించింది.

ఘర్రాఫాలో పెద్దమామా కారు దిగలేదు, అద్దం మాత్రం దించింది. ఆ విల్లా ఇంటావిడ పరుగున వచ్చి, పెద్దవాళ్ళకు చేసే మర్యాదగా ఆమె నుదుటిని ముద్దు పెట్టుకుంది. రెండు మాటలయ్యాయి. శివకుమారి చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి వెనక సీట్లో కూర్చుంది, మనసు మార్చుకుంటారేమోనని భయంతో. "వదినా, నిజంగానే పోతాండామా?" అంది గుసగుసగా. గంగులమ్మ ఆ పిల్ల పాదాల దగ్గర చెప్పులు సర్ది, "యాసుకో. మీ ఇంటికి చెప్పుల్లేకుండా పోతావా" అంది.

దోహా దాటింది. చిన్నప్ప గొంతు సవరించుకున్నాడు. ఇక్కడినుంచి ఆయన చేసిన పని చూడాలి. మెసయీద్ చేరేలోగా తాను కట్టిన ఇంటిని తానే కూల్చుకుంటూ పోవాలి. అదీ ముసలమ్మకు దుమ్ము కనబడకుండా.

"మామా, ఆ ఇంట్లో మామిడితోట ఉందని చెప్పినా గదా."

"చెప్పావు. కాయ పడి కారు అద్దం పగిలిందన్నావు."

"ఆ తోట ఎండిపోయింది."

"ఎప్పుడు?"

"ఈ మధ్యనే."

"మొన్ననే గదా కాయలు కోశారన్నావు."

"కోసినాకనే ఎండింది మామా. దిగులుతో."

వెనక శివకుమారి కొంగు నోట్లో కుక్కుకుంది. గంగులమ్మ కిటికీలోంచి బయటకు చూస్తోంది గానీ భుజాలు కదులుతున్నాయి.

వక్రా వచ్చింది. "మేకలు కూడా లేవు మామా ఇప్పుడు. తోట పోతే మేతకు ఏముంటుంది. అమ్మేశారు."

"మంద మొత్తమా?"

"మొత్తం. కొన్నవాడు కూడా ఇప్పుడు బాధపడుతున్నాడు."

"మరి బావి?"

"తోటా లేదు, మేకలూ లేవు. తాగేదెవరని బావే సిగ్గుపడి ఇంకిపోయింది."

"ఇల్లన్నా ఉందా శినబ్బా?"

"ఇంటికేం ఢోకా లేదు మామా" అన్నాడాయన. దూరంగా మెసయీద్ గొట్టాలు కనిపించాయి. వాటి వెనక మంట, పట్టపగలు కూడా ఆకాశంలోకి నాలుక చాస్తోంది.

క్యాంపు గేటు ముందు బండి ఆగింది. పెద్దమామా ఆ పొడుగాటి గోడనూ, లోపల వరసగా ఉన్న రేకుల గదులనూ, తీగల మీద ఆరేసిన నీలం డ్యూటీ బట్టలనూ చూసింది.

"ఇదేనా?" అంది.

చిన్నప్ప స్టీరింగు మీదనుంచి చేతులు తీశాడు. "ఇదే మామా. గోడ ఇదే. కావలాయన అదుగో. బస్సులు అవే. మంట కూడా మీరు చూశారు. ఎనిమిది మందీ ఒకే గదిలో ఉంటారు. తోటా మేకలూ బావీ మాత్రం నావి. నన్నేమన్నా అనండి, ఇంకెవర్నీ ఏమీ అనొద్దు."

అంతలో గంగులమ్మ దిగి, తనకు అలవాటైన చోటుకు నడిచి, ఆ ఇనుప కమ్మీ దగ్గర ఆగింది. కాళ్ళు వాటంతట అవే ఆగాయి. పెద్దమామా కూడా దిగి ఆమె పక్కకు వచ్చింది.

"నీ మొగుడు చెప్పినదాంట్లో నిజమెంత?" అని అడిగింది.

గంగులమ్మ హిందీ వంటింటి హిందీ. అందులోనే చెప్పింది. "నాకూ తెలీదు మామా. ఇన్నేండ్లలో నేను ఈ కమ్మీ దాటలేదు. లోపల ఎంత పెద్దదో, ఎంత చిన్నదో ఎప్పుడూ చూడలా. అందుకే ఆయన ఎంత చెప్తే అంత నమ్ముతాను."

గేటు దగ్గర కావలాయన లేచి నిలబడ్డాడు. ఆయన రహమతుల్లా, కడపాయన. ప్రతి పండక్కూ గంగులమ్మను ఈ కమ్మీ దగ్గర ఆపాల్సింది ఆయనే. ఆపిన ప్రతిసారీ తన కుర్చీ తెచ్చి చాప పక్కన వేసి, తాను ఎండలో నిలబడేవాడు.

"ఏమబ్బా రహమతుల్లా" అన్నాడు చిన్నప్ప, "మీ ఆపీసరు ఉండాడా?"

"పండగ గదా, దోహా పోయినాడు. రూలు మాత్రం ఈడనే ఉండాది" అన్నాడు రహమతుల్లా.

పెద్దమామా తన హిందీలోనే ఆయన్ను నెమ్మదిగా అడిగింది. "నీకు అక్కచెల్లెళ్ళున్నారా?"

"ముగ్గురు మామా. కడపలో."

"నువ్వు ఇంటికి పోయినప్పుడు వాళ్ళు వస్తారా?"

"రాకుండా ఉంటారా." ఆయన గంగులమ్మ వైపు చూశాడు, శివకుమారి వైపు చూశాడు. శివకుమారి గేటు ఊచల్లోంచి లోపలికి చూస్తూ, ఒక్కో గది తలుపూ వెతుకుతోంది. రహమతుల్లా తల గోక్కున్నాడు. వంగి గేటు చక్రాన్ని వేలితో గీకాడు.

"చిన్నప్పా, ఈ గేటు మొన్నట్నుంచి అరుస్తాండాది. వినింటివా?"

"వినలేదే."

"అరుస్తాండాది. గ్రీజు పెట్టాల. గ్రీజు పెట్టాలంటే గేటు బార్లా తెరవాల, తెరిస్తేనే చక్రం లోపలికి గ్రీజు పడుతాది. మళ్ళా గ్రీజు పెట్టేటోడు చక్రాన్నే చూడాల. తలెత్తినాడంటే ఏలు నలుగుతాది. ఎవురు పోయిరి ఎవురు వచ్చిరి చూసేకి కుదరదు." గేటు తోసి, గ్రీజు డబ్బా పక్కన పెట్టుకుని, గొంతుక్కూర్చుని, వాళ్ళకు వీపు చూపించాడు. "పెద్ద పని ఇది. పొద్దువాలే దాకా పడుతాది."

ఇన్నేళ్ళలో చిన్నప్పకు తనను మించినవాడు తగలడం అదే మొదలు.

గంగులమ్మ కుడికాలు ముందు పెట్టి కమ్మీ దాటింది.

గదిలో తిరుపాలు అనే పెద్దాయన వంట చేస్తున్నాడు. మిగిలినవాళ్ళు లుంగీలతో మంచాల మీద పడి ఉన్నారు. తలుపులో బతూలా కట్టుకున్న ఖతారీ ముసలమ్మ కనబడేసరికి ఒకడు మంచం కిందికి దూరాడు, ఒకడు చొక్కా అనుకుని దిండు గలేబు తొడుక్కోబోయాడు. గిరి మాత్రం కదల్లేదు. ముసలమ్మ భుజం వెనక నిలబడ్డ మనిషినే చూస్తున్నాడు.

"అన్నం తింటివా?" అన్నాడు ఆఖరికి.

"ఏం, నువ్వొండినావా?" అంది శివకుమారి.

"తిరుపాలన్న వండినాడు. నేను ఎర్రగడ్డలు తరిగినా."

"అందుకేనా కండ్లల్లో నీళ్ళు" అంది ఆమె. గదిలో నవ్వులు లేచాయి, మంచం కిందివాడితో సహా.

పెద్దమామాను ఉన్నవాటిలో మంచి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె గదంతా కలియజూసింది. "మేకలెక్కడ?" అంది. చిన్నప్ప తల వంచుకున్నాడు.

తిరుపాలు వెనక్కి తిరక్కుండానే, "మేకనా మామా? గంగాళంలో ఉండాది. ఇంకో ఉడుకు రావాల" అన్నాడు.

"మామిడి?"

గిరి అలమారులోంచి ఆవకాయ జాడీ తీసి ఆమె ముందు పెట్టాడు. బావ ఏం చెప్పి ఉంటాడో ఆయనకు తెలియదు, అడగనూ లేదు. బావ సంగతి బామ్మర్దులకు తెలియదా.

"బావి ఎక్కడుందో నేను చెబుతాను" అంది పెద్దమామా. "ఈ శినబ్బ గొంతులో ఉంది. రోజూ సాయంత్రం తోడి పోస్తుంటాడు, ఎంత తోడినా తగ్గదు." గదిలో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. చిన్నప్ప మొహంలో రక్తం మళ్ళీ ఆడింది.

అప్పుడు గిరి మంచం కిందనుంచి ఒక రేకు డబ్బా లాగాడు. పైన పసుపు రాసిన గుడ్డ కట్టి ఉంది. లోపల మంచి బియ్యం, ఎండుకొబ్బరి గిన్నెలు, పసుపుకొమ్ములు, బెల్లం అచ్చు, దోహా అంగట్లో కొన్న ఆకుపచ్చ రవికెగుడ్డ.

"ఇదెప్పుడు కట్టినావురా?" అంది గంగులమ్మ.

"ప్రతి పండక్కూ కడతానే ఉండా అక్కా. నువ్వు గేటు కాడ్నించి పోయినాక విప్పేది, వండుకునేది. మల్లా పండక్కు మల్లా కట్టేది. ఏమో, ఏ పండక్కన్నా లోపలికి వస్తావేమోనని."

చిన్నప్ప గోడకు తిరిగి క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు. అది అరబ్బీ క్యాలెండరు, ఆయనకు ఒక్క అక్షరం రాదు.

చాప పరిచారు. గంగులమ్మ తూర్పుముఖంగా కూర్చుని కొంగు పట్టింది. శివకుమారి ఆమెకు బొట్టు పెట్టి, దోసిలితో బియ్యం తీసి ఒడిలో పోసింది. మళ్ళీ పోసింది. బియ్యం జారే చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ వినబడలేదు. పసుపుకొమ్ములు పెట్టింది, కొబ్బరి గిన్నెలు పెట్టింది, బెల్లమూ రవికెగుడ్డా పెట్టింది. ఎనిమిది మంది మగవాళ్ళు చేతులు కట్టుకుని, తమ తమ ఇళ్ళల్లో అక్కచెల్లెళ్ళ ఒడి నింపుతున్నట్టే నిలబడి చూశారు.

గంగులమ్మ లేవలేదు. కొంగు అలాగే పట్టుకుని కుర్చీ వైపు తిరిగింది. "పెద్దమామా, మీరూ ఒక దోసెడు పోయండి."

తిరుపాలు చిన్నప్ప చెవిలో గొణిగాడు. "మొగుడు పోయినామె గదప్పా. మనలో పోయరు."

చిన్నప్ప భార్య మొహం చూశాడు. ఏ ప్రశ్నా లేదు అక్కడ. "మనలో పోయకుంటే ఏంలే" అన్నాడు ఆయన, "దోవ తెరిపించిన చెయ్యి అది."

ముసలమ్మ కుర్చీ దిగి, రెండు చేతుల నిండా బియ్యం తీసుకుని పోసింది. ఆమె అరబ్బీలో ఏదో దీవించింది. ఆ మాటకు అర్థం ఎవరూ అడగలేదు.

గంగులమ్మ బరువైన ఒడితో లేచి నిలబడింది. పద్ధతి ప్రకారం అందులోంచి పిడికెడు తీసి, తమ్ముడి ఇంటి కుండలో వేయాలి, పుట్టింట్లో తరగకుండా ఉండాలని. ఆ గదిలో కుండ లేదు, అందరి కంపెనీ బియ్యం పోసిన ప్లాస్టిక్ డ్రమ్ముంది. ఆ డ్రమ్ములో వేసింది.

పొద్దువాలే దాకా తిన్నారు, మాట్లాడుకున్నారు. గిరీ శివకుమారీ గది బయట మెట్టు మీద పక్కపక్కన కూర్చున్నారు. ఆ పక్కకు ఎవరూ పోలేదు. పోతున్నప్పుడు చూస్తే, రహమతుల్లా ఇంకా గొంతుక్కూర్చుని అదే చక్రానికి గ్రీజు పెడుతున్నాడు. అంత గ్రీజుకు ఆ గేటు దోహా దాకా దొర్లిపోగలదు. గంగులమ్మ ఆయన పక్కన ఒక కొబ్బరి గిన్నె పెట్టి, "తమ్ముడూ, ఇది నీ వాటా" అంది. ఆయన తలెత్తకుండానే తీసుకున్నాడు.

శివకుమారిని ఘర్రాఫాలో దింపేటప్పుడు పెద్దమామా అద్దం దించి ఆ ఇంటావిడతో, "వచ్చే ప్రయాణానికి కూడా ఈ పిల్ల నాతో వస్తుంది" అని ముందే చెప్పేసింది. ముఐథర్ దాకా గంగులమ్మ ఒడి దించలేదు. ఆ దోవంతా చిన్నప్ప బండిని, నిండు బిందె నెత్తిన పెట్టుకున్న మనిషి నడిచినట్టు నడిపాడు.

మర్నాడు ఆమె ఆ బియ్యంతో పరమాన్నం వండింది. ఒడిబియ్యం వండితే నలుగురికీ పెట్టాలి. పండగ పలకరింపుకు పెద్దమామా దగ్గరికి చుట్టుపక్కల ముసలమ్మలు వచ్చి కూర్చుని ఉంటే, వాళ్ళకే గిన్నెలు పట్టుకుపోయారు మొగుడూ పెళ్ళామూ. తలుపు దగ్గర చిన్నప్ప ఆగాడు. లోపల పెద్దమామా అరబ్బీలో చెబుతోంది. ఇన్నేళ్ళ డ్యూటీలో ఆ మాత్రం అరబ్బీ ఆయనకూ వచ్చు.

"గోడ ఎంత పొడుగంటే, ఈ కొస నుంచి చూస్తే ఆ కొస వక్రాలో ఉంది" అంటోంది ఆమె. "కావలివాళ్ళు నలభైమంది. మమ్మల్ని చూసి నలభైమందీ ఒక్కసారే గేటుకు గ్రీజు పెట్టారు. మేకలకైతే లెక్కలేదు. ఇక ఆ బావి నీళ్ళు, ఏం చెప్పమంటారు, తేనె."

ముసలమ్మలు "మాషా అల్లా" అన్నారు.

గంగులమ్మ మొగుడి వైపు చూసింది. "చెప్పు మరి. బావి లేదని చెప్పు పో" అంది గుసగుసగా.

"నేనెందుకు చెప్తా" అన్నాడు చిన్నప్ప, రొమ్ము ఒక అంగుళం ముందుకు పెట్టి. "మీ పుట్టింటి బావి గదమే అది. నీళ్ళు తియ్యగా ఉండకుండా ఎట్లుంటాయి?"